పచ్చ అంటే ఏ పచ్చ?

వెబ్‌సైటుకి రంగులు ఎంచుకోవడం గురించి రాస్తానని మన క్లబ్బులో చెప్పినప్పుడు ఒకరిద్దరు నవ్వారు. "దానికి వ్యాసం ఎందుకు? ఏదో ఒక పాలెట్ జనరేటర్ తెరిచి స్పేస్‌బార్ నొక్కితే ఐదు రంగులు పడతాయి, కాపీ కొట్టి అతికించడమే కదా" అన్నారు. నిరుడు దసరా సెలవుల వరకు నా అభిప్రాయమూ అదే. ఆ సెలవుల్లో మా అమ్మమ్మ వాళ్ల ఊరి మీద ఒక చిన్న సైటు చేశాను. మూడుసార్లు రంగులు మార్చాల్సి వచ్చింది. ఎందుకు మార్చాల్సి వచ్చిందో చెబితే ఈ విషయంలో నేర్చుకోవాల్సిందంతా దాదాపు అందులోనే వస్తుంది.

ఊరు పద్మనాభం. విశాఖ జిల్లాలో, భీమిలికి లోపలి వైపు, గోస్తనీ నదికి దగ్గర్లో ఉంటుంది. కొండ మీద అనంత పద్మనాభ స్వామి, కొండ కింద కుంతీ మాధవ స్వామి. పైకి వెయ్యికి పైగా మెట్లు. కార్తీక మాసం చివర అమావాస్య నాడు ఆ మెట్ల పొడుగునా దీపాలు పెడతారు. చీకటి పడ్డాక కింద నిలబడి చూస్తే కొండకి ఎవరో దండ వేసినట్టు ఉంటుంది. చరిత్ర చదివినవాళ్లకి ఈ ఊరి పేరు ఇంకో రకంగా తెలుసు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి ఇక్కడే ప్రాణాలు వదిలాడు. నా సైటులో ఈ రెండూ ఉండాలి. ఒక పేజీలో యుద్ధం కథ, ఇంకో పేజీలో మెట్ల దారి, దీపోత్సవం వివరాలు. పండగ రోజు మెట్ల దారి ఖాళీగా ఉందా, రద్దీగా ఉందా అన్నది కూడా చూపించాలనుకున్నాను. కొండ కింద ఉండే మా బావ తన ఫోన్ నుంచే అది మారుస్తుంటాడు.

అమ్మమ్మని అడిగాను, "ఏ రంగు వెయ్యమంటావు?" అని. "పచ్చ వెయ్యరా, దేవుడి పని కదా, పచ్చగా ఉండాలి" అంది. మొత్తం ఆకుపచ్చ వేసి రాత్రికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఏట్రా ఇది? పచ్చ వెయ్యమంటే గడ్డి రంగు వేశావేటి?" అంది.

తప్పు నాదీ కాదు, ఆవిడదీ కాదు. తెలుగులో పచ్చ అనే మాటే రెండు రంగుల మీద కూర్చుని ఉంది. పచ్చగడ్డి, పచ్చబొట్టు అన్నప్పుడు ఆకు రంగు. పచ్చసొన, పచ్చకామెర్లు అన్నప్పుడు పసుపు రంగు. పచ్చి, పసరు, పసుపు, పచ్చ... ఈ మాటలన్నీ ఒకదానికొకటి చుట్టాలే. మనం బళ్లో ఒక్కో రంగుకి ఒక్కో పేరు నేర్చుకున్నాం కాబట్టి ఆకుపచ్చ వేరు, పసుపుపచ్చ వేరు అంటాం. మా అమ్మమ్మకి ముందే ఏమీ తగిలించని ఉత్త పచ్చ అంటే గడపకి రాసే పసుపే. అందుకే మొదటి పాఠం: రంగు గురించి మాటల్లో ఒప్పందం కుదుర్చుకోకండి. వస్తువు చూపించమనండి, లేదా మూడు అంకెల్లో రాసుకోండి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత, ఒక్కోటీ 0 నుంచి 255 లోపు. అమ్మమ్మ పచ్చని నేను గడప ఫోటో తీసి కొలిచి, కొంచెం సర్ది 255, 204, 0 దగ్గర ఆపాను. ఇక ఆ రంగు మీద గొడవ లేదు.

గొడవంతా దాన్ని ఎక్కడ వాడానన్న దగ్గర వచ్చింది. తెల్లటి పేజీ, పైన పెద్ద పసుపు అక్షరాలతో ఊరి పేరు, మెనూలో చిన్న పసుపు అక్షరాలు. హాస్టల్ గదిలో ట్యూబ్‌లైటు కింద లాప్‌టాప్‌లో చూసుకుంటే నాకు ముచ్చటగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం చిన్నమావయ్యకి చూపిద్దామని ఫోన్ పట్టుకుని వీధిలోకి వెళ్లాను. ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి, చెయ్యి అడ్డం పెట్టి చూసి, "తెల్ల కాగితం చూపించి చదవమంటావేట్రా అల్లుడూ" అన్నాడు.

ఇక్కడ కాస్త లెక్కలోకి వెళ్దాం, మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా. తెర మీద ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతుర్ల మిశ్రమం. కానీ మన కంటికి ఈ మూడూ సమానం కాదు. ఆకుపచ్చ వెలుతురు చాలా ప్రకాశంగా కనిపిస్తుంది, నీలం చాలా మందంగా. అందుకే ఒక రంగు ఎంత వెలుగ్గా ఉందో కట్టే లెక్కలో ఎరుపుని 0.2126తో, ఆకుపచ్చని 0.7152తో, నీలాన్ని 0.0722తో గుణించి కలుపుతారు. (0 నుంచి 255 వరకు ఉండే అంకెల్ని నేరుగా గుణించకూడదు, ముందు గామా సర్దుబాటు చేసి 0కీ 1కీ మధ్యకి తెచ్చుకోవాలి.) ఇప్పుడు పూర్తి పసుపు అంటే ఏమిటి? పూర్తి ఎరుపు, పూర్తి ఆకుపచ్చ. 0.2126కి 0.7152 కలిపితే 0.9278. తెలుపు 1. అంటే పసుపుకీ తెలుపుకీ మధ్య కంటికి తెలిసే వెలుగు తేడా దాదాపు లేదు. పేరులో, మనసులో పసుపు గట్టి రంగే. లెక్కలో మాత్రం అది తెలుపుకి తమ్ముడు.

రెండు రంగుల మధ్య కాంట్రాస్ట్‌ని ఒక నిష్పత్తిగా కొలుస్తారు. ఎక్కువ వెలుగు ఉన్నదానికి 0.05 కలిపి, తక్కువ వెలుగు ఉన్నదానికీ 0.05 కలిపి, మొదటిదాన్ని రెండోదానితో భాగించడమే. తెలుపు మీద నలుపుకి 21 వస్తుంది, అదే గరిష్ఠం. తెలుపు మీద పూర్తి పసుపుకి 1.07. తెలుపు మీద పూర్తి నీలానికి 8.59. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకి కనీసం 4.5, పెద్ద అక్షరాలకి 3 ఉండాలి. ఇంకా పై స్థాయి కావాలంటే 7. నేను గర్వంగా పెట్టిన గడప పసుపుకి తెలుపు మీద వచ్చింది 1.5. మావయ్య చూపులో లోపం లేదని లెక్క కూడా తేల్చేసింది.

ఆ 0.05 ఎందుకో కూడా తెలుసుకోవాలి. గదిలోని వెలుతురు తెర మీద పడి తిరిగి మన కంటికి వస్తుంది కదా, దాని కోసం వేసిన అంచనా అది. గదిలో ఐతే సరే. మిట్టమధ్యాహ్నం పద్మనాభం వీధిలో? ఊరికే ఉదాహరణకి ఆ 0.05 బదులు 0.5 అనుకుని లెక్క కట్టి చూడండి. తెలుపు మీద నలుపుకే 21 నుంచి 3కి పడిపోతుంది. నా పసుపు 1.3కి దిగుతుంది. మన దగ్గర ఎక్కువమంది సైట్లు చూసేది ఫోన్లోనే, అదీ బస్టాపులో, పొలం గట్టు మీద, గుడి మెట్ల మీద. 4.5 వచ్చింది కదా అని అక్కడితో ఆగిపోతే మన ఎండకి చాలదని నా అభిప్రాయం.

మన లిపి సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే రంగుల మీద ఇంగ్లిష్‌లో ఉన్న పాఠాల్లో ఇది దొరకదు. తెలుగు అక్షరాల్లో తేడాలన్నీ చిన్న చిన్న ముక్కల్లో ఉంటాయి. ద కడుపులో చుక్క పెడితే థ. బ కింద చిన్న గీత గీస్తే భ. వత్తులైతే అసలు అక్షరంకన్నా చిన్నగా కింద వేలాడుతుంటాయి. కాంట్రాస్ట్ తగ్గగానే ముందు మాయమయ్యేవి ఈ చుక్కలూ గీతలే. నా సైటులో మెనూ మీద 'యుద్ధ కథ' అని ఉండేది. మావయ్య దాన్ని "యుద్ద కద" అని చదివాడు. ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత చూస్తే నిజంగానే అంతకుమించి కనపడటం లేదు. ఊరి పేరు చివర 'భ' కూడా 'బ' ఐపోయింది. అదే సైజు ఇంగ్లిష్ మాట ఆ రంగులో ఎలాగోలా చదవగలం, ఎందుకంటే ఆ అక్షరాల ఆకారాలు పెద్ద గీతల్లో ఉంటాయి. అందుకని తెలుగు పేజీ చేసేవాళ్లకి నా సలహా: ప్రమాణం 4.5 అన్నా మీరు 7 కింద రావద్దు. లేత బూడిద రంగు అక్షరాలు ఇప్పుడు ఫ్యాషన్. తెలుపు మీద 118, 118, 118 దగ్గర సరిగ్గా 4.54 వస్తుంది, ఇంగ్లిష్ సైట్లలో చాలామంది అంచు మీద అక్కడే నిలబడతారు. తెలుగుకి ఆ అంచు వద్దు.

మూడో తప్పు దగ్గరికి వస్తున్నాను. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మావయ్యని అడిగితే "రాసుకోరా, దాందేముంది" అన్నాడు.

మెట్ల దారి పరిస్థితి చూపించడానికి ఒక గుండ్రటి చుక్క పెట్టాను. ఖాళీగా ఉంటే ఆకుపచ్చ, రద్దీగా ఉంటే ఎరుపు. మాటలేవీ లేవు, "అందరికీ తెలిసిన సంగతే కదా" అనుకున్నాను. చీకట్లో పెద్దవాళ్లని, పిల్లల్ని తీసుకుని మెట్లెక్కేవాళ్లు చూసుకునేది దాన్నే. నీడలోకి వచ్చాక మావయ్యకి చూపించి, "ఇప్పుడు ఖాళీగా ఉందా, రద్దీగా ఉందా చెప్పు" అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. బావ అవతల నుంచి రంగు మార్చాడు. "ఇప్పుడు?" అన్నాను. "ఏం మారిందిరా?" అన్నాడు. నేను ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. "నాకు ఆ రెండూ ఒకలాగే ఉంటాయిరా" అని ఫోన్ నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయాడు.

రాత్రి అమ్మకి ఫోన్ చేస్తే అప్పుడు చెప్పింది. నేను పుట్టకముందు సంగతి. మావయ్యకి రైలింజను నడపాలని కోరిక. రాత పరీక్ష పాసయ్యాడు. వైద్య పరీక్షలో రంగురంగుల చుక్కల మధ్య అంకెలున్న పుస్తకం చూపించారు, అంకె కనిపించలేదు. ఊరికి తిరిగొచ్చి ఆ మాట ఎవరితోనూ మాట్లాడలేదు. ఇరవయ్యేళ్లుగా ఆయన్ని చూస్తున్నా నాకు తెలియదు. నేను పెట్టిన చుక్క ఆయనకి ఆ పుస్తకంలో పేజీ లాగే కనిపించి ఉంటుంది.

ఆ పుస్తకం పేరు ఇషిహారా పరీక్ష. జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించాడు. రైళ్లకీ రంగుల పరీక్షలకీ సంబంధం అంతకన్నా పాతది. 1875లో స్వీడన్‌లో లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. రంగులు పోల్చలేకపోవడమే కారణమై ఉంటుందని ఫ్రితియోఫ్ హోమ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త వాదించి, రంగు ఉన్ని పోగుల్ని జత చేయించే పరీక్ష తెచ్చాడు. సిగ్నల్ ఎరుపో ఆకుపచ్చో చెప్పలేనివాణ్ణి ఇంజను ఎక్కించకపోవడంలో న్యాయం ఉంది, కాదనను. కానీ నా వెబ్‌సైటు రైలు కాదు. ఇక్కడ పరీక్ష పాసవ్వాల్సింది సైటు, చదివేవాడు కాదు.

ఇంతకీ వర్ణాంధత్వాన్ని శాస్త్రీయంగా మొదట వివరించింది ఎవరో తెలుసా? మన ఇంటర్ కెమిస్ట్రీలో పరమాణు సిద్ధాంతం జాన్ డాల్టన్. ఆయనకీ ఆయన అన్నకీ ఇద్దరికీ ఈ సమస్య ఉండేది. తనకి రంగులు ఎలా కనిపిస్తాయో రాసి మాంచెస్టర్‌లో ఒక సాహిత్య, తాత్విక సంఘంలో చదివాడు. ఆ చదివింది 1794 అక్టోబరు 31న. నా సైటులో యుద్ధం పేజీ మీద కొట్టొచ్చినట్టు రాసిన ఏడాదే! సంబంధం ఏమీ లేదనుకోండి, కానీ ఆ రాత్రి ఆ తేదీ చూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. తన కంట్లోని ద్రవం నీలంగా ఉండటం వల్లే ఇలా కనిపిస్తుందని డాల్టన్ నమ్మకం. తను పోయాక పరీక్షించమన్నాడు. 1844లో ఆయన చనిపోయాక చూస్తే ద్రవం తేటగానే ఉంది. దాచి ఉంచిన కంటి నుంచి 1995లో డీఎన్‌ఏ తీసి చూస్తే, ఆకుపచ్చ వెలుతుర్ని పట్టుకునే గ్రాహకం లేదని తేలింది.

ఎరుపు, ఆకుపచ్చ గ్రాహకాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగవాళ్లకి ఆ క్రోమోజోమ్ ఒక్కటే, అందుకే ఈ సమస్య మగవాళ్లలోనే ఎక్కువ. ఉత్తర ఐరోపా సంతతి మగవాళ్లలో వందకి సుమారు ఎనిమిది మందికి ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. మార్క్ జుకర్‌బర్గ్‌కీ ఉంది, ఫేస్‌బుక్ నీలంగా ఉండటానికి అదొక కారణమని ఆయనే చెప్పాడు. మగపిల్లాడికి ఎక్స్ క్రోమోజోమ్ వచ్చేది తల్లి నుంచి. అంటే మావయ్యకి ఇది అమ్మమ్మ నుంచి వచ్చింది, ఆవిడకి మాత్రం రంగులన్నీ బాగానే కనిపిస్తాయి. అమ్మ ద్వారా నాకూ రావచ్చు. ఆ రాత్రే ఇషిహారా పేజీలు వెతికి చూసుకున్నాను. అంకెలన్నీ కనిపించాయి. అమ్మమ్మకి ఈ జన్యువు సంగతి చెప్పలేదు.

ఇక బాగుచెయ్యడం. చుక్కల్లో రంగు తేడాయే కాదు, వెలుగు తేడా కూడా లేదు. పూర్తి ఎరుపుకీ, నేను వాడిన 0, 128, 0 ఆకుపచ్చకీ మధ్య నిష్పత్తి 1.28 మాత్రమే. అంటే రంగు తీసేస్తే రెండూ ఒకే బూడిద. ఇప్పుడు అక్కడ మాట ఉంది: 'ఖాళీ' అంటే మధ్యలో ఏమీ లేని గుండ్రం, 'రద్దీ' అంటే నిండుగా నింపిన చతురస్రం. రంగు కూడా ఉంది, కానీ అది లేకపోయినా పని ఆగదు. వీధి ట్రాఫిక్ సిగ్నల్ కూడా అంతే కదా, ఎరుపు ఎప్పుడూ పైనే ఉంటుంది. మావయ్య ఇన్నాళ్లూ బండి నడుపుతున్నది ఆ స్థానాన్ని చూసే.

మొత్తం సైటు రంగుల పొందిక కోసం డిజైన్ పాఠాల్లో 60, 30, 10 అనే సూత్రం చెబుతారు. దాన్ని చీర అనుకుంటే వెంటనే అర్థమవుతుంది. చీరంతా ఒక రంగు, అంచు ఇంకొకటి, జరీ మెరుపు కొద్దిగా. అన్నిచోట్లా జరీ వేస్తే ఎవరూ కట్టుకోరు. అంతకుమించి ఈ సూత్రం గురించి చెప్పడానికేమీ లేదు.

ఏ రంగులన్న ప్రశ్నకి జవాబు మాత్రం పాలెట్ జనరేటర్‌లో దొరకలేదు, గడప మీద దొరికింది. శుక్రవారం పొద్దున అమ్మమ్మ గడప కడిగి, పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్లు పెడుతోంది. పసుపుని ఆవిడ ఎప్పుడూ నేలగా వాడుతుంది, బొట్టుగా కాదు! నేను చేసింది సరిగ్గా తలకిందులు. పసుపుని అక్షరం చేసి తెల్ల నేల మీద పెట్టాను. అదే 255, 204, 0ని వెనక పట్టీగా వేసి, దాని మీద ముదురు రంగు అక్షరం పెడితే? ముందు పూర్తి ఎరుపుతో చూశాను, 2.6 వచ్చింది, చాలదు. ఎరుపుని సగానికి దించి 128, 0, 0 చేస్తే, పాత కుంకుమ లాంటి రంగు, 7.2 వచ్చింది. తెల్లటి నేల తీసేసి 255, 248, 231 అనే మీగడ రంగు వేశాను. దాని మీద ఈ కుంకుమ రంగు శీర్షికలకి 10.3. వ్యాసాల్లో అక్షరాలు నలుపుకి దగ్గరగా, 15 దాటి ఉంటాయి. మొత్తం మూడు రంగులూ ఒక నలుపూ, అంతే. గుడి సైటు కదా కాషాయం వెయ్యమని ఒక స్నేహితుడు అన్నాడు. 255, 153, 51 కాషాయం మీద తెల్ల అక్షరాలు పెడితే 2.13 వస్తుందని చూపిస్తే ఊరుకున్నాడు. చాలా సైట్లలో మీరు చూసే జోడీయే అది, ఒకసారి గమనించండి.

పరీక్షించే పద్ధతులు మూడే. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో గ్రేస్కేల్ పెట్టి మీ సైటు చూడండి, రంగు లేకుండా అర్థమవ్వాలి. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో రెండరింగ్ అనే చోట రకరకాల వర్ణాంధత్వాలని అనుకరించి చూపించే సౌకర్యం ఉంది, అదీ వాడండి. మూడోది, మధ్యాహ్నం ఎండలోకి వెళ్లి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఫోన్ ఇవ్వండి. 2009 ప్రాంతంలో గూగుల్‌లో లింకులకి ఏ నీలం బాగుంటుందో తేల్చడానికి 41 నీలాలు పరీక్షకి పెట్టారట. విసిగిపోయిన డిజైనర్ డగ్లస్ బోమన్ ఉద్యోగం వదిలి వెళ్తూ ఆ సంగతి రాశాడు. మనకి అన్ని లక్షలమంది లేరు. నాకైతే ఇద్దరు మనుషులు, ఒక ఎండ సరిపోయాయి.

దీపోత్సవం రాత్రి మావయ్య కొండ కింద నిలబడి, ఎవరో బంధువులకి ఫోన్‌లో చెబుతుంటే విన్నాను: "ఇప్పుడు రాకండి, రద్దీ అని చూపిస్తంది. ఖాళీ అవగానే నేనే చెప్తాను." పక్కనే నేనున్నట్టు చూసుకోలేదు. అమ్మమ్మకి మాత్రం సైటు ఇంకా పూర్తిగా నచ్చలేదు. పచ్చ కొంచెం తక్కువైందట.